విడాల్ 1:160, ప్లేట్‌లెట్లు 68 వేలు, జ్వరం ఆరో రోజు: ఇలాంటప్పుడు ఎలా నిర్ణయించుకోవాలి?

డాక్టరమ్మా, తర్వాత చదివేవాళ్ళకు కూడా తెలియాలి కాబట్టి మీ ప్రశ్న క్లుప్తంగా చెప్పుకుని మొదలుపెడతాను. మీరు ఎంబీబీఎస్ అయ్యాక కర్నూలు జిల్లా పడమటి పక్క ఒక సీహెచ్‌సీలో (సామాజిక ఆరోగ్య కేంద్రంలో) చేరారు. 52 ఏళ్ళ వ్యవసాయ కూలీ ఆరు రోజుల జ్వరంతో వచ్చింది. తలనొప్పి, ఒళ్ళు నొప్పులు, రెండు వాంతులు. జ్వరం 102, నాడి 112, బీపీ 100/70, ఆక్సిజన్ 95. తెల్లకణాలు 7,800, ప్లేట్‌లెట్లు 68 వేలు, కాలేయం ఎంజైమ్ ఎస్‌జీఓటీ 140, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.4. టైఫాయిడ్ కోసం చేసే విడాల్ పరీక్ష 1:160. డెంగ్యూ పరీక్షల్లో వైరస్ ప్రోటీన్‌ను పట్టే ఎన్‌ఎస్1 నెగటివ్, యాంటీబాడీని పట్టే ఐజీఎం 'వీక్ పాజిటివ్'. మీ సీనియర్ టైఫాయిడ్ అన్నారు, సెఫ్‌ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ రాయమన్నారు. ల్యాబ్ అబ్బాయి డెంగ్యూ అన్నాడు. కొడుకు కర్నూలు తీసుకుపోయి ప్లేట్‌లెట్లు ఎక్కిస్తానని బండి మాట్లాడుతున్నాడు. 'ఇలాంటప్పుడు మీరైతే ఎలా తేల్చుకుంటారు? దీనికి ఒక పద్ధతి ఉందా, లేక అనుభవం వస్తే తప్ప రాదా?' అని అడిగారు.

ముందు ఆమె సంగతి చూద్దాం, పద్ధతి తర్వాత. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ 100 మి.గ్రా. ఈ రాత్రికే మొదలుపెట్టండి, రోజుకు రెండు పూటలు. బ్లడ్ కల్చర్ (రక్తంలోని క్రిమిని పెంచి చూసే పరీక్ష) సీసా ఉంటే మందు పడకముందే రక్తం తీసి పెట్టండి. మలేరియా స్మియర్, కార్డు టెస్టు రెండూ చేయించండి. సెఫ్‌ట్రియాక్సోన్ ఇస్తే ఇవ్వండి, అభ్యంతరం లేదు. ప్లేట్‌లెట్లు మాత్రం వద్దు. ఆమెను తల నుంచి కాలి దాకా ఒకసారి పూర్తిగా చూడండి. ఇంకొకటి, మీరు రాసిన వివరాల్లో నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో లేదు. ఆ లెక్క నాకు ఆ ఐజీఎం కంటే ఎక్కువ పనికొస్తుంది.

ఇప్పుడు ఇక్కడికి ఎలా వచ్చానో చెబుతాను.

నేను మొదట పట్టుకునేది రోజుల లెక్క. జ్వరం ఎన్నాళ్ళ నుంచి అంటే మన పక్క 'నాలుగైదు దినాలాయ సార్' అంటారు. అది జవాబు కాదు, మర్యాద. 'చివరిసారి కూలికి ఎప్పుడు పోయినావు? ఆ పొద్దు ఒళ్ళు బాగుండెనా? సంత నాడు అన్నం తిన్నావా?' అని అడగండి. ఆరు రోజులన్నది తొమ్మిది రోజులవుతుంది, ఒక్కోసారి నాలుగే అవుతుంది. ఈ తేడా మీద మొత్తం ఆలోచన తిరిగిపోతుంది. ఎందుకంటే డెంగ్యూలో ఎన్‌ఎస్1 మొదటి నాలుగైదు రోజులే బాగా దొరుకుతుంది, ఐజీఎం ఐదో రోజు తర్వాత గట్టిగా పైకి వస్తుంది. కాబట్టి ఆరో రోజున ఎన్‌ఎస్1 నెగటివ్ అంటే డెంగ్యూ లేదని కాదు. ఐజీఎం బలహీనంగా కనపడిందంటే డెంగ్యూ ఉందనీ కాదు. కొన్ని నెలల కిందట వచ్చి పోయిన డెంగ్యూ కూడా అలాగే చూపిస్తుంది.

డెంగ్యూకు ఒక నడక ఉంది. మూడో రోజు నుంచి ఏడో రోజు లోపల జ్వరం దిగుతుంది, సరిగ్గా అప్పుడే ప్లేట్‌లెట్లు పడిపోతాయి, రక్తం చిక్కబడుతుంది, ప్రమాదం మొదలవుతుంది. మీ పేషంటుకు ప్లేట్‌లెట్లు పడ్డాయి కానీ జ్వరం 102 దగ్గరే నిలబడి ఉంది. డెంగ్యూలో ఈపాటికి తెల్లకణాలు తరచు నాలుగు వేల కిందికి వస్తాయి, ఈమెకు 7,800 ఉన్నాయి. రెండూ చిన్న ఆధారాలే, కానీ రెండూ ఒకే పక్కకు చూపిస్తున్నాయి. ఎస్‌జీఓటీ పెరగడం దేన్నీ తేల్చదు. డెంగ్యూలో పెరుగుతుంది, పొలాల్లో పురుగు కుడితే వచ్చే స్క్రబ్ టైఫస్‌లో పెరుగుతుంది, టైఫాయిడ్‌లో పెరుగుతుంది, నిలవనీళ్ళలో పనిచేసేవాళ్ళకు వచ్చే లెప్టోస్పైరోసిస్‌లోనూ పెరుగుతుంది. ఒక రిపోర్టు చేతికి వచ్చినప్పుడు 'ఇది నార్మలా కాదా' అని చూడడం అందరూ చేస్తారు. 'ఇది నేను అనుమానిస్తున్న జబ్బుల్లో ఏ రెండింటిని విడదీస్తుంది?' అని చూడడం అలవాటు చేసుకోవాలి. ఆ ప్రశ్న వేస్తే మీ దగ్గరున్న కాగితాల్లో సగం పక్కకు పోతాయి.

విడాల్ కూడా అలా పక్కకు పోవాల్సిన కాగితమే. 1896లో ఫ్రెంచి వైద్యుడు విడాల్ చెప్పిన పరీక్ష అది. ఇన్నేళ్ళయినా మన ఊళ్ళలో జ్వరం అనగానే మొదట రాసేది అదే. దాని సంగతి లెక్కలో చూపిస్తాను, అంకెలు లెక్క కోసం అనుకున్నవి. మీ ఓపీకి వానలు వెనకబట్టాక వచ్చిన వంద జ్వరాల్లో నిజంగా టైఫాయిడ్ పదిమందికి ఉందనుకుందాం. పరీక్ష పదిలో ఏడుగుర్ని పట్టుకుంటుంది. టైఫాయిడ్ లేని 90 మందిలో ఐదుగురికి ఒకరి చొప్పున, అంటే 18 మందికి కూడా పాజిటివ్ అని చూపిస్తుంది. ఎప్పుడో వచ్చిన పాత ఇన్ఫెక్షన్ వల్ల కావచ్చు, టీకా వల్ల కావచ్చు, మలేరియా లాంటి వేరే జ్వరం వల్ల కావచ్చు. మొత్తం పాజిటివ్‌లు 25, అందులో నిజం ఏడు. నూటికి 28. అంటే ఆ కాగితం చూసి టైఫాయిడ్ అన్న నలుగురిలో దాదాపు ముగ్గురి విషయంలో మాట తప్పుతుంది. అదే పరీక్షను, పరిశీలించి చూశాక సగం మందికి టైఫాయిడ్ ఉంటుందనిపించిన గుంపులో చేస్తే నిజమైన పాజిటివ్‌లు 35, తప్పువి 10. అప్పుడు నూటికి 78. పరీక్ష మారలేదు, ల్యాబ్ మారలేదు. పరీక్షకు ముందు మనకున్న అనుమానం ఎంత అన్నదొక్కటే మారింది. గణాంకాల్లో బేయ్స్ సూత్రమంటే ఇంతే. వైద్యులు దీన్ని పరీక్షల కోసం చదివి, వార్డులోకి వచ్చాక మరిచిపోతారు. పైగా విడాల్‌ను నమ్మాలంటే వారం పది రోజుల తేడాతో రెండుసార్లు చేసి, టైటర్ (1:160 లాంటి ఆ యాంటీబాడీ కొలత) నాలుగింతలు పెరిగిందా చూడాలి. ఆ రెండోసారి ఎవరు చేస్తున్నారు? నేనైతే చూడలేదు. టైఫాయిడ్ తేల్చాలంటే మందు పడకముందు తీసిన బ్లడ్ కల్చరే దిక్కు, అది కూడా చాలామందిలో దొరకదు.

సరే, టైఫాయిడ్ కావచ్చు కాకపోవచ్చు, డెంగ్యూ కావచ్చు కాకపోవచ్చు. అలాంటప్పుడు డాక్సీసైక్లిన్ అని అంత ధైర్యంగా ఎలా అన్నాను? నాకు స్క్రబ్ టైఫస్ అని ఖాయమైపోయి కాదు. పొలం గట్ల మీద, పొదల్లో, గడ్డిలో ఉండే నల్లిలాంటి పురుగు పిల్ల కుడితే వచ్చే జబ్బు అది. వానాకాలం చివర నుంచి చలికాలం దాకా, కలుపు తీసేవాళ్ళలో, పత్తి ఏరేవాళ్ళలో, పశువుల మేతకు గడ్డి కోసేవాళ్ళలో కనబడుతుంది. ఆమె పని, ఈ కాలం, ఆరు రోజులైనా దిగని జ్వరం, తలనొప్పి, పడిన ప్లేట్‌లెట్లు, పెరిగిన కాలేయం ఎంజైములు, తగ్గని తెల్లకణాలు అన్నీ కలిపితే ముగ్గురిలో ఒకరికైనా అది ఉండొచ్చనిపిస్తుంది. ముగ్గురిలో ఒకరంటే సగం కూడా లేదు కదా, మరి మందెందుకు అని మీరు అడగవచ్చు.

అక్కడే అసలు పద్ధతి ఉంది. 1980లో స్టీఫెన్ పాకర్, జెరోమ్ కాసిరర్ అనే ఇద్దరు అమెరికన్ వైద్యులు దాన్ని సూత్రబద్ధంగా రాశారు. ప్రతి జబ్బుకూ రెండు గీతలు ఉంటాయి. అనుమానం కింది గీత కంటే తక్కువుంటే పరీక్షా వద్దు, మందూ వద్దు. పై గీత దాటితే పరీక్ష కోసం ఆగకుండా మందు ఇవ్వాలి. మధ్యలో ఉంటేనే పరీక్షకు అర్థం. ఆ గీతలు ఎక్కడ పడతాయన్నది రెండు ప్రశ్నలను బట్టి ఉంటుంది: జబ్బు ఉండి మందు ఇవ్వకపోతే ఎంత నష్టం? జబ్బు లేకపోయినా మందు ఇస్తే ఎంత నష్టం?

స్క్రబ్ టైఫస్‌కు ఈ ప్రశ్నలు వేసి చూడండి. ఇవ్వకపోతే రెండో వారంలో ఊపిరితిత్తులు, కిడ్నీలు, మెదడు దెబ్బతినొచ్చు, చనిపోవచ్చు. సెఫ్‌ట్రియాక్సోన్ ఆ క్రిమి మీద పనిచేయదు, కాబట్టి అది ఇచ్చాం కదా అని ధీమాగా కూర్చోవడానికి లేదు. అనవసరంగా డాక్సీ ఇస్తే వికారం, కడుపులో మంట, మాత్ర గొంతులో అతుక్కుంటే అన్నవాహికలో పుండు. దానికి విరుగుడు నిండు గ్లాసు నీళ్ళు, అరగంట పడుకోకుండా కూర్చోవడం. మందు కూడా చవకే. ఇంత తేడా ఉన్నప్పుడు పై గీత బాగా కిందికి దిగుతుంది. ఐదుగురిలో ఒకరికి ఉండొచ్చనిపించినా నేను ఇస్తాను. గర్భిణి అయితే అజిత్రోమైసిన్ ఇస్తాను. మీ సెంటర్‌లో స్క్రబ్‌ను పట్టే ఐజీఎం ఎలైజా అనే రక్తపరీక్ష లేదన్నారు. ఉన్నా అది మొదటి వారంలో చాలామందిలో నెగటివే. స్క్రబ్‌కే చేసే పాత పరీక్ష వీల్-ఫెలిక్స్ చేయగలరు కానీ అది నెగటివ్ వస్తే మీరు డాక్సీ ఆపుతారా? ఆపరు. ఆపనప్పుడు దానికోసం ఒక రాత్రి ఆగడం దేనికి? పరీక్ష రాసేముందు 'పాజిటివ్ వస్తే ఏం చేస్తాను, నెగటివ్ వస్తే ఏం చేస్తాను' అని రెండు వాక్యాలు మనసులో అనుకోండి. రెండూ ఒకటే అయితే ఆ చీటీ చించేయండి. కూలి మనిషికి ఆ డబ్బు ఒక రోజు కూలి.

గీత ఎప్పుడూ కిందే ఉంటుందనుకోవద్దు. ఒకే మందుకు రెండు చోట్ల రెండు గీతలుంటాయి. మెడ మీద గడ్డతో ఒక అమ్మాయి వచ్చింది, టీబీ అనిపిస్తోంది. తొందరేం లేదు. గడ్డలోంచి సూదితో తీసి సీబీనాట్‌కు (టీబీ క్రిమిని పట్టే జన్యుపరీక్షకు) పంపి, తేలాకే మొదలుపెట్టాలి, ఎందుకంటే ఆరు నెలల మందులు, కాలేయం మీద బరువు, ఇంటా బయటా ఆ జబ్బు పేరు. అదే టీబీ మెదడు పొరల్లో ఉందనిపించి, పేషంటు మత్తుగా ఉంటే వెన్నునీరు తీసి, ఫలితం కోసం ఆగకుండా ఆ రోజే మందులు, స్టెరాయిడ్ మొదలుపెడతాం. ఇక గుండెపోటుకు రక్తపు గడ్డను కరిగించే టెనెక్టిప్లేస్ ఇచ్చేటప్పుడు గీత ఇంకా పైన ఉంటుంది. ఆ మందుతో సుమారు వందలో ఒకరికి మెదడులో రక్తస్రావం అవుతుంది, అందుకే ఈసీజీ స్పష్టంగా చెప్పాలి. 'ఏదో ఒకటి ఇచ్చి చూద్దాం' అనే మాట డాక్సీకి చెల్లుతుంది, అక్కడ చెల్లదు.

ఇక పేషంటు దగ్గరికి. తల నుంచి కాలి దాకా చూడమన్నాను కదా, అది ఎస్కార్ కోసం. పురుగు కుట్టిన చోట సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పెచ్చు, చుట్టూ ఎర్రని అంచు. నొప్పి ఉండదు, దురద ఉండదు. అందుకే పేషంటుకు తెలియదు. 'ఏమైనా పుండుందా' అని అడిగితే లేదంటుంది. చంకలు, రొమ్ముల కింద, నడుము చుట్టూ లంగా నాడా కట్టుకునే చోట, గజ్జలు, పిరుదుల మధ్య, చెవుల వెనక, తలవెంట్రుకల్లో చూడాలి. చెమట పట్టే చోట నల్లపెచ్చు ఊడిపోయి పసుపు రంగు చిన్న పుండులా ఉంటుంది. అది చూసి చాలామంది సెగ్గడ్డ అనుకుని వదిలేస్తారు. తెర వేసి, స్టాఫ్ నర్సును పక్కన పెట్టుకుని, ఫోన్ లైటు వేసి చూడండి. మీరు ఆడ డాక్టరు కావడం ఇక్కడ పెద్ద ఉపకారం. మగ డాక్టర్లు మొహమాటంతో పైపైన చూసి 'ఎస్కార్ లేదు' అని రాసేస్తారు. రాయాల్సింది 'చూడలేదు' అని. దొరికితే కథ దాదాపు తేలినట్టే. దొరకకపోతే మాత్రం ఏమీ మారదు, చాలామందిలో అది కనిపించదు.

ఊపిరి లెక్క సంగతి. ఏ వార్డులో కేస్ షీట్ చూసినా 18 లేదా 20 అని ఉంటుంది. లెక్కపెట్టి రాసింది కాదది. చేతిలో నాడి పట్టుకున్నట్టే పట్టుకుని, పొట్ట కదలిక చూస్తూ నిండా ఒక నిమిషం లెక్కపెట్టండి. పేషంటుకు తెలిస్తే ఊపిరి మారిపోతుంది. 2016లో సెప్సిస్ నిర్వచనం మార్చినప్పుడు మంచం పక్కన చూసుకోవడానికి మూడు గుర్తులు ఇచ్చారు: ఊపిరి నిమిషానికి 22 లేక ఆపైన, పై బీపీ 100 లేక అంతకన్నా తక్కువ, మాట తికమక. మీ పేషంటుకు బీపీ 100, అంటే ఒకటి ఇప్పటికే ఉంది. ఊపిరి 26 ఉందనుకోండి, అప్పుడామె సీహెచ్‌సీలో ఉండాల్సిన మనిషి కాదు. ఆక్సిజన్ 95 చూసి నిబ్బరపడకండి, వేగంగా ఊపిరి తీసి ఆ 95ను నిలబెట్టుకుంటూ ఉండొచ్చు. ఆ మూడు గుర్తుల్నే నమ్ముకోవద్దని 2021 మార్గదర్శకాలు చెప్పాయి, అది నిజమే. గుర్తులు లేవని ఇంటికి పంపడానికి అవి పనికిరావు. ఉన్నప్పుడు కంగారు పడడానికి పనికొస్తాయి.

హిమాటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం) గురించి ఒక మాట, ఇది మన పల్లె ఆడవాళ్ళ విషయంలో మరీ ముఖ్యం. డెంగ్యూలో అది 20 శాతం పెరిగితే రక్తనాళాల్లోంచి ప్లాస్మా (రక్తంలోని నీటి భాగం) కారుతోందని అర్థం. కూలి పనులు చేసుకునే ఆడవాళ్ళలో హిమోగ్లోబిన్ పది ఉండడం మామూలు, అంటే హిమాటోక్రిట్ 30 చుట్టూ. జబ్బులో అది 37కు వస్తే రిపోర్టులో 'నార్మల్' అని పడుతుంది. కానీ ఆమెకు అది 23 శాతం పెరుగుదల. పాత రిపోర్టు ఏదైనా ఉందేమో ఇంట్లో వెతికించండి. కాన్పప్పటిదో, ఆరోగ్యశ్రీ కింద చూపించుకున్నప్పటిదో, ఏదైనా సరే. లేకపోతే ఆరు గంటలకొకసారి చేసి దాన్నే దానితో పోల్చుకోండి.

క్రియాటినిన్ 1.4 జబ్బుదేనని ఎలా తెలుసు? ఇక్కడికి రాకముందు ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర కనీసం రెండు రోజులు చూపించుకుని ఉంటుంది. 'ఏం మందిచ్చారు' అంటే 'సూదేసినారు, గ్లూకోజ్ ఎక్కించినారు' అంటారు. మందుల కవరు, చీటీ తెప్పించండి. నొప్పి మందు డైక్లోఫెనాక్ పడి ఉంటే కిడ్నీ మీద దాని వాటా ఉంటుంది. డెక్సా (స్టెరాయిడ్) పడి ఉంటే ఒక పూట జ్వరం దిగి 'నయమైంది' అనిపిస్తుంది, షుగరు పెరుగుతుంది, తెల్లకణాలు పెరుగుతాయి. నేను ఇందాక 7,800 అనే అంకెను డెంగ్యూకు వ్యతిరేకంగా లెక్కేశాను. డెక్సా పడిందని తెలిస్తే ఆ లెక్క తీసేయాలి. ఈ మధ్య సుగ్గికి ఎక్కడికైనా పోయి వచ్చారా అని కూడా అడగండి. మీ పక్క నుంచి గుంటూరుకు మిరపకాయలు ఏరడానికి, బెంగళూరుకు కట్టుబడి పనులకు వలసపోతారు. జ్వరం ఇక్కడ మొదలైనా అంటుకున్నది ఇక్కడే కానక్కర్లేదు. మోకాలి లోతు నీళ్ళలో వరి పనులు చేసి ఉంటే, కళ్ళు ఎర్రబడి పిక్కలు పట్టుకుంటే నొప్పి అంటే లెప్టో కూడా లెక్కలోకి వస్తుంది. ఇప్పుడు చూడండి, డాక్సీ, సెఫ్‌ట్రియాక్సోన్ రెండూ కలిపితే స్క్రబ్, లెప్టో, టైఫాయిడ్ మూడింటికీ అడ్డుకట్ట పడుతుంది. మలేరియా మిగులుతుంది, దానికి స్మియర్ ఉంది. డెంగ్యూకు మందే లేదు, కాపలా ఒక్కటే.

సెలైన్ విషయంలో జాగ్రత్త. వాంతులున్నాయి, బీపీ తక్కువుంది కాబట్టి అర లీటరు ఇచ్చి, ఊపిరితిత్తుల కింది భాగాల్లో గరగర ఉందేమో విని, మూత్రం చూసి, తర్వాత అర లీటరు సంగతి ఆలోచించాలి. స్క్రబ్‌లోనూ డెంగ్యూలోనూ రక్తనాళాలు కారుతుంటాయి. చిల్లుకుండ నింపినట్టు బాటిల్ మీద బాటిల్ పెడితే ఆ నీళ్ళు ఊపిరితిత్తుల్లో తేలతాయి. ఎన్ని బాటిళ్ళు ఎక్కిస్తే అంత మంచి వైద్యమని చుట్టాలు అనుకుంటారు, ఆ ఒత్తిడికి లొంగకండి.

ప్లేట్‌లెట్ల ఒత్తిడి ఇంకా పెద్దది. రక్తస్రావం లేనప్పుడు పదివేల కిందికి పడితే తప్ప ఎక్కించాల్సిన పని లేదు. 68 వేలకు ఎక్కిస్తే దద్దుర్లు, చలిజ్వరం రావచ్చు, ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు, డబ్బూ పోతుంది. ఈ మాట కొడుకుతో చెప్పేటప్పుడు 'అవసరం లేదు' అని ఊరుకుంటే మీరు చేతకాక అంటున్నారనుకుంటాడు. ఏం చూస్తున్నారో చెప్పండి: 'నాయనా, ఆ సంఖ్య కంటే మీ అమ్మ కడుపునొప్పి, వాంతులు, మూత్రం, మత్తు చూడాలి. రేపు పొద్దున మళ్ళీ రక్తం చూస్తాము. ఈ నాలుగిట్లో ఏది తేడా చేసినా నేనే 108 పిలిచి పంపుతాను.' ఏ పరిస్థితిలో పంపుతారో ముందే చెప్పిన డాక్టరు మాట వింటారు. అసలు నిర్ణయం తీసుకునేవాడు అక్కడ లేకపోతే, బెంగళూరులో ఉండే పెద్దకొడుకో అల్లుడో అయితే, ఫోన్‌లో మీరే మాట్లాడండి. ఇంకొకరి ద్వారా చేరేసరికి 'డెంగ్యూ అంట, చూడలేమంటున్నారు' అయిపోతుంది.

పంపాల్సి వస్తే దేనికి పంపాలో తెలిసుండాలి. ఊపిరి 24 దాటడం, ఆక్సిజన్ 94 కంటే తగ్గడం, లీటరు సెలైన్ తర్వాత కూడా బీపీ 90 లోపే ఉండడం, మత్తు, కామెర్లు, యాభై కిలోల మనిషికి ఆరు గంటల్లో 150 మి.లీ. కూడా మూత్రం రాకపోవడం. వీటిలో ఒక్కటున్నా పెద్దాసుపత్రికి పంపండి, కానీ డాక్సీ మొదటి మోతాదు మీ దగ్గరే పడాలి. మింగలేకపోతే ముక్కు గొట్టం ద్వారా ఇవ్వండి. అక్కడ గద్వాల నుంచి, రాయచూరు నుంచి, నంద్యాల నుంచి వచ్చినవాళ్ళంతా క్యూలో ఉంటారు. ఎమర్జెన్సీలో పేరు రాయించుకుని మంచం మీద మందు పడేసరికి ఎన్ని గంటలవుతుందో మీకు తెలుసు. అక్కడ జబ్బు ముదిరిందని తేలితే ఇంజక్షన్ డాక్సీకి అజిత్రోమైసిన్ కలిపి ఇస్తారు. 2023లో మన దేశంలోనే జరిగిన పెద్ద పరీక్షలో తీవ్రమైన స్క్రబ్‌కు ఈ జత ఒక్కొక్క మందు కంటే బాగా పనిచేసింది. మరణాల్లో తేడా రాలేదు, చిక్కులు తగ్గాయి. అది ముదిరినవాళ్ళ సంగతి, మామూలు స్క్రబ్‌కు ఒక్క డాక్సీ చాలు.

రెఫరల్ చీటీ మీద 'డెంగ్యూ' అని రాయకండి. ఒకసారి పేరు పడిందంటే అది కర్నూలు దాకా పోతుంది. అక్కడి హౌస్ సర్జన్ అదే రాస్తాడు, పీజీ అదే చదువుతాడు, మూడు రోజుల దాకా ఎవరూ తిరగేసి చూడరు. 'జ్వరం, ఆరో రోజు, ప్లేట్‌లెట్లు తగ్గాయి, కారణం తేలలేదు. స్క్రబ్, డెంగ్యూ, టైఫాయిడ్ అనుమానం. డాక్సీ రాత్రి 9కి ఇచ్చాం' అని రాయండి. ఇది చదివినవాడు ఆలోచించక తప్పదు.

అనుభవమా, పద్ధతా అని అడిగారు కదా. అనుభవం ఉన్నవాళ్ళు గుమ్మం దగ్గరే జబ్బు పేరు చెప్పేస్తారు, చాలాసార్లు అది నిజమే అవుతుంది కూడా. కానీ ఆ చూపుకు మొన్నటి కేసు రంగు అంటుకుని ఉంటుంది. వార్డులో ఒక స్క్రబ్ పేషంటు చనిపోతే నెలరోజులు ప్రతి జ్వరమూ స్క్రబ్‌లాగే కనిపిస్తుంది, తర్వాత డెంగ్యూ వార్తలు మొదలైతే అంతా డెంగ్యూ. పైగా, చెప్పింది సరిపోయిందో లేదో తెలిస్తేనే అనుభవం పెరుగుతుంది. సీహెచ్‌సీలో పనిచేసేవాళ్ళకు అదే లోటు, పంపిన పేషంటు ఏమైందో తెలియదు. మీరు కర్నూలులో చదివి ఉంటే మెడిసిన్ వార్డులో తెలిసిన పీజీ ఎవరో ఒకరుంటారు. పంపిన ప్రతి పేషంటు గురించి మూడో రోజు ఒక ఫోన్ చేయండి. మీరేమనుకున్నారో ముందే కేస్ షీట్‌లో రాసి ఉండాలి. లేకపోతే ఫలితం తెలిశాక 'నేనూ అదే అనుకున్నాను' అనిపిస్తుంది, అందరికీ అలాగే అనిపిస్తుంది.

ఇక 48 గంటల మాట. స్క్రబ్ అయితే డాక్సీ పడిన రెండు రోజుల్లో జ్వరం దిగడం మొదలవుతుంది, మొత్తం ఏడు రోజులు ఇవ్వాలి. టైఫాయిడ్ అయితే సెఫ్‌ట్రియాక్సోన్ మీద కూడా నాలుగైదు రోజులు జ్వరం ఉంటుంది. కాబట్టి జ్వరం దిగే వేగం కూడా ఒక పరీక్షే, అదీ ఖర్చు లేనిది. రెండు మందులూ కలిపి ఇస్తే ఏది పనిచేసిందో తేలదు కదా అంటారా, రెండు రోజుల్లోనే చప్పున దిగితే డాక్సీ వైపు మొగ్గుతాను. 72 గంటలైనా దిగకపోతే మందు మార్చడం కాదు, మొదటి నుంచి మళ్ళీ అడగాలి: స్మియర్ మళ్ళీ, ఛాతీ ఎక్స్‌రే, పొట్ట స్కానింగ్, మూత్రం, కల్చర్ ఏమైంది, బరువు తగ్గుతోందా.

మీ సీనియర్ విషయం. 'సార్, అది టైఫాయిడ్ కాదు' అని మొదలుపెడితే ఇద్దరి మధ్య పంతమవుతుంది, పేషంటుకు మందు ఆలస్యమవుతుంది. 'సార్, మీరు చెప్పిన సెఫ్‌ట్రియాక్సోన్ వేశాను. స్క్రబ్‌కు అది పనిచేయదు కాబట్టి డాక్సీ కూడా కలుపుతున్నాను, కల్చర్ పంపాను' అని చెప్పండి. చాలామంది సరే అంటారు. కాదంటే కారణమేమిటో అడిగి కేస్ షీట్‌లో రాయండి. ఆ కారణం గర్భమో, ఇంతకుముందు ఆ మందుతో అలర్జీయో కాకపోతే, రాత్రి డ్యూటీలో ఆమె బాధ్యత మీదే, సంతకమూ మీదే.